వెంకటేశం సార్ సాదమన్న మాట

మొన్న బుధవారం పొద్దున ఆఫీసులో ఒక దరఖాస్తు మడత విప్పగానే తునికాకు వాసన వచ్చింది. తడిపి, గోనెసంచిలో చుట్టి, మెత్తబడ్డాక కత్తిరించిన బీడీ ఆకు వాసన. దాని వెనకే తంబాకు ఘాటు. బీడీలు చేసే ఇంట్లో కాగితాన్ని ఎక్కడ దాచినా ఆ వాసన పట్టుకుంటుంది. ట్రంకుపెట్టెలో పెట్టినా అంతే, బియ్యం డబ్బాలో పెట్టినా అంతే. కోరుట్లలో పెరిగిన ముక్కుకు ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దరఖాస్తు ఒక అవ్వది. మనుమరాలికి హాస్టల్లో సీటు వచ్చింది, చేర్చుకోవాలంటే కులం సర్టిఫికెట్ కావాలి, గురువారంతో గడువు ఆఖరు. రాసి ఇచ్చి ఇరవై రోజులైంది. దాని వెనక గుండుసూదితో గుచ్చి ఇంకో కాగితం ఉంది, మా అటెండరు పోశెట్టి చేతిరాత. పైన ‘రోజు వచ్చి లొల్లి చేసేవాళ్ళు’ అని శీర్షిక, కింద వరసగా పేర్లు, పేర్ల పక్కన ఇంటూ గుర్తులు. అవ్వ పేరు పక్కన ఆరు ఇంటూలు ఉన్నాయి.

నేను జగిత్యాల జిల్లాలో ఒక మండల కార్యాలయంలో డిప్యూటీ తహసీల్దారుని. పోశెట్టిని పిలిచి, ఇదేమిటని అడిగాను. “మీరే అన్నరు గద మేడం, లొల్లి చేసెటోళ్ళను ఓ కంట కనిపెట్టుమని” అన్నాడు. గుర్తు చేసుకుంటే నిజమే, అలా అన్నాను. ఏదో చిరాకులో ఉన్న రోజు అని ఉంటాను. “మరి ఈ అవ్వ ఇయ్యాల వచ్చిందా?” అన్నాను. “లేదు మేడం, మూడొద్దులాయె జాడ లేదు. పీడ వాయె” అన్నాడు సంతోషంగా. నేను కూడా సంతోషించాలనే ఆ మాట చెప్పాడు పాపం. నాకేమో భయం వేసింది. అరవడానికి వచ్చే మనిషంటే నాకు భయం లేదు, పదహారేళ్ళ సర్వీసులో అది ఎప్పుడో పోయింది. వస్తూ వస్తూ ఉన్న మనిషి రావడం మానేస్తేనే భయం. ఆ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అంటించినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు వెంకటేశం సార్.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా గొప్ప చెప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో నేను క్లాస్ లీడర్‌ని. అంటే ఏమిటో మన బడుల్లో చదువుకున్నవాళ్ళకు తెలుసు. సారు లేనప్పుడు సుద్దముక్క పట్టుకుని బోర్డు పక్కన నిలబడటం, మాట్లాడినవాళ్ళ పేరు రాయడం, మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ పెట్టడం. ఐదు ఇంటూలు పడితే డ్రిల్లు సార్ చూసుకుంటాడు. పేరు చెరపమని నాకు రేగుపండ్లు ఇచ్చినవాళ్ళున్నారు, మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది ఇచ్చినవాళ్ళున్నారు. ముక్కలు తిని పేరు ఉంచేసేదాన్ని. అంత నిజాయితీ నాది. మా నాయన తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. “తండ్రి చెట్టెక్కి ఊరిని చూస్తడు, బిడ్డ గద్దెక్కి పోరగాండ్లను చూస్తది, ఈ ఇంట్ల ఎవలకు సమానంగ చూసుడు రాదు” అనేది మా అమ్మ. అది నా మెచ్చుకోలు అనుకుని పొంగిపోయేదాన్ని.

ఆ ఏడు జూలైలో ఇంగ్లీషుకు కొత్త సారు వచ్చాడు. సిరిసిల్ల మనిషి. నలుగురు కూర్చునే గదిలో కూడా నలభై మందికి వినిపించేలా మాట్లాడేవాడు. తరవాత తెలిసింది ఎందుకో. వాళ్ళ ఇంటి ముందు షెడ్డులోనే సాంచలు, అంటే మరమగ్గాలు. పుట్టిన నాటి నుంచి ఆ టకటకల మధ్యే పెరిగాడు, సాంచలు నడుపుతూనే డిగ్రీ చదివాడు, బీఎడ్ చేశాడు. మాట వినబడని చోట పని చేసి చేసి చేతులతోనే సగం సంగతులు చెప్పే అలవాటు పడింది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే ఆపమని, అరచెయ్యి తిప్పితే మళ్ళీ మొదలుపెట్టమని. ఇంకో అలవాటు, ఎవరు దగ్గరికి వచ్చినా చొక్కా అంచు పట్టుకుని బొటనవేలితో తడిమి చూసేవాడు. హెడ్‌మాస్టరు గారి చొక్కాను కూడా వదల్లేదు. “బట్ట మంచిదే సార్, కుట్టినోడు మోసం చేసిండు” అన్నాడట.

మొదటి రోజు ఆయన రిజిస్టరు తేవడానికి వెళ్ళి ఆలస్యమైంది. నేను నా పని చేశాను. తిరిగి వచ్చేసరికి బోర్డు మీద పదకొండు పేర్లు, వాటిలో నాలుగింటికి ఇంటూలు. ఆయన చదివి, “ఇవేం పేర్లు బిడ్డా?” అన్నాడు. “మాట్లాడినోళ్ళు సార్” అన్నాను. ఆయన క్లాసు వైపు తిరిగి చూసి, “ఎప్పుడు మాట్లాడిండ్రు? నాకేం ఇనవడలే” అన్నాడు. వరండా చివరి దాకా వినిపించిన గోల ఆయన చెవికి అసలు గోలే కాదు. క్లాసంతా నవ్వింది. నా ముఖం మాడిపోయింది. ఈయన దగ్గర నా లీడరుగిరీ సాగదని ఆ రోజే తెలిసిపోయింది, అందుకు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. సాంచ మీద మిగిలిన గుడ్డముక్కతో వాళ్ళమ్మ కుట్టిన సంచి ఒకటి తెచ్చాడు. అందులో చీటీలు, చీటీకొక ఇంగ్లీషు మాట. ఒక్కొక్కరం ఒక్కొక్కటి తియ్యాలి. “ఈ ఏడాదంత ఈ మాటను మీరు సాదాలె” అన్నాడు. సాదడం అంటే మా వైపు పెంచడం. పిల్లను సాదుతారు, కోడిని సాదుతారు. మాటను సాదడం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. “డిక్షనరీ ముట్టొద్దు. మాట ఎక్కడ పని చేస్తున్నదో పోయి చూడాలె. ఎవలు అన్నరు, ఎవలతోని అన్నరు, అన్నంక ఏమైంది. మూడూ రాసుకొని రావాలె. శుక్రవారం శుక్రవారం ఒకలు లేచి చెప్పాలె” అన్నాడు. చీటీలు తీశాం. ఒకడికి పాలు వచ్చాయి, ఒకడికి వాన వచ్చింది. వెనక బెంచీ గంగమణికి ‘ఎర్లీ’ వచ్చింది, అంటే పెందలాడే అని. రోజూ మొదటి పీరియడ్ అయిపోయాక గాని బడికి రాని పిల్లకు ఆ మాట వచ్చిందని అందరం విరగబడి నవ్వాం. గంగమణి కూడా నవ్వింది.

నాకు ‘గవర్న్’ వచ్చింది. అది మాటలా లేదు, విరిగిన ముక్కలా ఉంది. మార్చుకుంటానన్నాను. “ఇంట్ల పుట్టిన పిల్ల నల్లగున్నదని పక్కింటోళ్ళతోని మార్సుకుంటరా?” అన్నాడు. సరే, సాదడం మొదలుపెట్టాను. గవర్నమెంటు తెలియనివాళ్ళు లేరు. గవర్నమెంటు బడి, గవర్నమెంటు దవాఖాన, గవర్నమెంటు నౌకరి వచ్చిన అల్లుడు. దాని లోపల ఉన్న గవర్న్ మాత్రం ఎవరికీ తెలియదు. మా అమ్మను అడిగితే, “గవర్నమెంటు తోక కోసిండ్రేమో” అంది. బడి చప్రాసీని అడిగితే, “గవర్నరు హైదరాబాదుల పెద్ద బంగ్లల ఉంటడు, ఆయన చేసేదే గవర్న్” అన్నాడు. ఏం చేస్తాడంటే, “గదే” అన్నాడు. జగిత్యాలలో ఒక కాలేజీ బోర్డు మీద గవర్నింగ్ బాడీ అని కనిపించింది. బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో దిగి లోపలికి వెళ్ళి, ఆ బాడీ ఎక్కడుందని అడిగాను. గుమాస్తా నన్ను కింది నుంచి మీది దాకా చూసి, వాళ్ళు ఏడాదికి రెండుసార్లు వచ్చి టీ తాగి పోతారన్నాడు. అది కూడా రాసుకున్నాను. వెనక్కి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఒక మాట వెనక ఇంత తిరగొచ్చని, తిరిగితే ఇంత బాగుంటుందని అంతకు ముందు నాకు తెలియదు. దారిన పోయే ప్రతి బోర్డునూ చదవడం అప్పుడు మొదలైన రోగమే, ఇప్పటికీ తగ్గలేదు.

అసలు నిధి రాయికల్‌లో దొరికింది. అక్కడ మా మేనమామ రైసుమిల్లులో ఆయిల్ ఇంజన్ చూసుకునేవాడు. దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు నా మాట చెప్పాను. మామ నవ్వి, చెయ్యి పట్టుకుని ఇంజన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఒక నిలువు కడ్డీకి అటొకటి ఇటొకటి రెండు ఇనుప గుండ్లు వేలాడుతూ గిరగిరా తిరుగుతున్నాయి. “గిదే గవర్నరు” అన్నాడు. ఇంజన్ మరీ ఉరికిందంటే గుండ్లు పైకి లేచి నూనె తగ్గిస్తాయి, నీరసపడి ఆగబోయిందంటే కిందికి దిగి నూనె పెంచుతాయి. “ఇంజన్ మీద పెత్తనం దీనిదే అన్నట్టు” అన్నాను. మామ తల అడ్డంగా ఆడించాడు. “పెత్తనమేంది బిడ్డా. ఇంజన్‌తోని కలిసి తిరుగుతది, దాని దమ్మెంతున్నదో చూస్తుంటది, గంతే” అన్నాడు. నేను రాసుకున్నది మాత్రం ఒకటే వాక్యం: ఇంజన్ హద్దు దాటితే గవర్నరు ఆపుతుంది. నాకు కావలసింది అంతే. మిగతా సగం విన్నాను గాని రాసుకోలేదు.

సెలవులయ్యాక నా చేతిలో సుద్దముక్కకు కొత్త బలం వచ్చింది. ఇప్పుడు నేను వట్టి లీడర్‌ని కాను, గవర్నర్‌ని. గంగమణి రోజూ రెండో పీరియడ్ మొదట్లో వచ్చేది. వచ్చి కూర్చున్న మరుక్షణం పక్కనున్న పిల్ల వైపు వంగి గుసగుసలాడేది. రోజూ అదే. పీరియడ్ మారే సందులో నేను బోర్డు దగ్గర నిలబడేసరికి ఆమె పెదవులు కదులుతూ ఉండేవి. పేరు రాశాను. ఇంటూ పెట్టాను. వారంలో ఐదు ఇంటూలు అయ్యాయి. డ్రిల్లు సార్ మధ్యాహ్నం ఆమెను జెండా గద్దె దగ్గర ఎండలో నిలబెట్టాడు, అన్ని క్లాసుల కిటికీల్లోంచి కనబడేట్టు. ఆమె తల దించలేదు, ఏడవలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. మరునాడు గంగమణి బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉంది. బోర్డు శుభ్రంగా ఉంది. నా పాలన బాగా సాగుతోందని అనుకున్నాను.

శుక్రవారం నా వంతు వచ్చింది. లేచి నిలబడి తోక కోసిన గవర్నమెంటు నుంచి టీ తాగి పోయే గవర్నింగ్ బాడీ దాకా అన్నీ చెప్పాను. సారు పడీపడీ నవ్వాడు. ఇనుప గుండ్ల సంగతి చెబితే కుర్చీలోంచి లేచి ముందు బెంచీ మీద వచ్చి కూర్చున్నాడు. చివరగా, సాదిన మాటతో సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. అది ఆయన నియమం. గొంతు సవరించుకుని “ఐ గవర్న్ ద క్లాస్” అన్నాను. సారు నవ్వు ఆగింది. కోపంగా కాదు, ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచాడు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. క్లాసు సద్దుమణిగింది. వెంటనే అరచెయ్యి తిప్పి మళ్ళీ మాట్లాడుకోమన్నాడు. మాకేం అర్థం కాలేదు, అయినా మాట్లాడుకున్నాం. ఆయన ఆ గోలలో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. “ఎనక దిక్కు ఒక సాంచ ఆగింది. నాలుగొద్దుల సంది అనుకుంటున్న, ఏందో తక్కువైందని” అన్నాడు. “ఎవలు వస్తలేరు?”

గంగమణి అని ఎవరో చెప్పారు. ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. అంత పెద్ద గొంతు మనిషి ఆ మాటలు మాత్రం మెల్లగా చెప్పాడు, అందుకే ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా గుర్తున్నాయి. “మా కార్ఖానల పదారు సాంచలుండె బిడ్డా. మా నాయిన ఒక్కడే చూసేటోడు. చప్పుడు చేసేదాన్ని ఎన్నడు చూడకపోయేది. చప్పుడు చేస్తుందంటే నడుస్తుందన్నట్టే గద. ఏదన్న పోగు తెగి ఆగిందనుకో, పదిహేను సాంచల లొల్లిల గా ఒక్కదాని నిమ్మళం ఇనవడేది ఆయనకు. ఉరికిపోయి పోగు ముడేసెటోడు. నువ్వు లొల్లి చేసెటోళ్ళ పేర్లు రాస్తున్నవు. మరి లొల్లి బందైనోళ్ళ పేరు ఎవలు రాయాలె?” నేను వెనక బెంచీ వైపు చూశాను. “నీ ఇనుప గుండ్లు ఇంజన్ ఉరికేటప్పుడే పని చేస్తయా, ఆగేటప్పుడు చేయయా?” అన్నాడు. మామ చెప్పిన రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది. “మాటను సగమే సాదినవు. గంగమణి ఎందుకు మాట్లాడుతుందో పోయి అడిగి రా. తోలుకరమ్మంటలేను. అడిగి రా, గంతే.”

ఆ సాయంత్రం గంగమణి వాళ్ళ గల్లీ మొదట్లోనే రెండుసార్లు వెనక్కి తిరిగాను. తండ్రి మస్కట్‌లో ఉండేవాడు, ఇంట్లో తల్లీ కూతుళ్ళే. గడపలో చాటలు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ బీడీలు చేస్తున్నారు. గంగమణి నన్ను చూసి తల వంచుకుని చేస్తూనే ఉంది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టే దాకా చెయ్యి ఎక్కడా ఆగదు. తల్లే మాట్లాడింది. “ఏందమ్మా, ఇంట్ల గిట్ల మాట్లాడుతుందేమో పేరు రాసుకపోను వచ్చినవా?” అంది. ఆఖరుకు, “క్లాసుల ఏం మాట్లాడుతవే రోజు?” అని అడిగాను. గంగమణి చెయ్యి అప్పుడు ఆగింది. “పొద్దుగాల కార్ఖానకు పోయి బీడీలు అప్పజెప్పి రావాలె. వరుస దొరికేసరికి మొదటి పీరియడ్ పోతది. మొదటి పీరియడ్ లెక్కలు. ఏం లెక్క చెప్పిండ్రో పక్కదాన్ని అడుగుత. ఇంకేం మాట్లాడుత?” అంది. తల ఎత్తి, “నువ్వు పేరైతే రాసినవ్. ఎందుకు మాట్లాడుతున్నవే అని ఒక్కనాడన్న అడిగినవా?” అంది. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళ గడపలో కూర్చునే ఏడ్చాను. గంగమణి తల్లి మెత్తబడి మంచినీళ్ళు ఇచ్చింది గాని మాట మాత్రం మార్చలేదు. “మందిల నిలవెట్టిండ్రు నా బిడ్డను. ఇగ రాదు” అంది.

సోమవారం సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. విని, టైం టేబుల్ ముందు నిలబడి కాసేపు చూసి, లెక్కల సారు దగ్గరికి వెళ్ళాడు. మరునాటి నుంచి మా క్లాసుకు మొదటి పీరియడ్ ఇంగ్లీషు, లెక్కలు మూడోది. “నా ఇంగ్లీషు పోతే పోనీ, అన్నం బెల్లుల మళ్ళ చెప్తా” అన్నాడట. ఒక పిల్ల కోసం, అదీ బడి మానేసిన పిల్ల కోసం, బడి గడియారాన్ని మార్చొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నా పని నాకు ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఆ రోజు లెక్కలు గంగమణి గడపలో చెప్పి రావడం. “ఎప్పటి దాకా సార్?” అన్నాను. “ఆమె చాలనేదాక” అన్నాడు. మొదటి రోజు గంగమణి నా పుస్తకం వైపు చూడలేదు. మూడో రోజు చాట కొంచెం పక్కకు జరిపింది. ఆరో రోజు నేను చేసిన ఒక లెక్క తప్పని చెప్పింది, నిజంగానే తప్పు. మా ఇద్దరికంటే ఎక్కువగా ఆమె తల్లి నవ్వింది.

బోర్డు పేర్లను సారు తీసెయ్యలేదు. ఒకే ఒక్క మార్పు చేశాడు. పేరు రాస్తే ఇంటూ కాదు, పక్కన ఏం మాట్లాడారో రాయాలి. తెలియకపోతే వెళ్ళి అడిగి రాయాలి. లీడరు పని మూడింతలైంది. ఒక మధ్యాహ్నం డ్రిల్లు సార్ బెత్తం చప్పుడు చేసుకుంటూ వచ్చి బోర్డు చదివాడు. శ్రీను, పొద్దున ఏం తినలేదంట. అంజలి, వాళ్ళ బర్రె ఈనిందంట. లింగం, డ్రిల్లు సార్ ఇయ్యాల వస్తడా అని అడిగిండు. మూడో పేరు దాకా చదివి ఆయన బెత్తం టేబులు మీద పెట్టి, “శ్రీనూ, ఇటు రా” అని పిలిచాడు. జేబులోంచి డబ్బులు తీసి, పోయి బన్ను తిని రమ్మన్నాడు. నేను లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన పదమూడో రోజు గంగమణి బడికి వచ్చింది. రెండో పీరియడ్‌కు వచ్చి, ఎప్పటిలాగే పక్కకు వంగి ఏదో అడిగింది. నేను బోర్డు మీద రాశాను: గంగమణి, ఎర్లీ అంటే తాను చూసింది చెప్పడానికి వచ్చే శుక్రవారం వంతు కావాలంటుంది. ఇప్పుడు ఆమె కోరుట్లలో అంగన్‌వాడీ టీచరు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నా పెళ్ళికి వచ్చి నా కొంగు సర్ది పోయింది.

ఉద్యోగం వచ్చిన ఏడు మిఠాయి డబ్బాతో సిరిసిల్ల వెళ్ళాను. సారు రిటైరై తంగళ్ళపల్లి దారి వైపు ఇంట్లో ఉన్నాడు. పక్క షెడ్డులో సాంచలు నడుస్తున్నాయి గాని ఆయనకు చెవులు దాదాపు పోయాయి. నా పెదవులు చూసి మాట పట్టుకున్నాడు. అలవాటుగా నా చీర అంచు తడిమి, “మన దగ్గరిది గాదు” అన్నాడు. నా కొలువు సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. “మంది వస్తే నిలవడతరా, కూసుంటరా?” నాకు తెలియలేదు. నా గదిలో నా కుర్చీ, ఫైళ్ళ కుర్చీ తప్ప ఇంకోటి ఉన్నట్టు గుర్తు రాలేదు. సారు లోపలికి వెళ్ళి పాత డిక్షనరీ తెచ్చాడు. “మీకు వద్దన్న గని రిటైరైనంక నేనే చూసిన. నీ మాట పాత కాలంల పడవ నడిపేటోళ్ళదట. చుక్కాని పట్టుడు” అన్నాడు. సిరిసిల్లలో పడవలెక్కడివి సార్ అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. “ధర్మపురి దగ్గర గోదావరిల చూసిన. చుక్కాని పడవకు ముంగట ఉండది బిడ్డా, ఎనక ఉంటది. ఎనక కూసున్నోనికే అందరు కనవడుతరు” అన్నాడు. తిరిగి వచ్చి నా గదిలో రెండు బెంచీలు వేయించాను. మూడేళ్ళ కింద ఆయన పోయాడు. ఆ వార్త నాకు పది రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆగిన సాంచ నిమ్మళం నాకు వినబడలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

బెంచీలు వేయించినదాన్నే ఇంటూలు కూడా పెట్టించాను. మనిషి అంత తేలిగ్గా మారడు కాబోలు. బుధవారం అవ్వ కాగితం చేతిలో పెట్టుకుని లేచాను. “ఫోన్ చేసి పిలిపిస్త మేడం” అన్నాడు పోశెట్టి. వద్దని, స్కూటీ మీద నేనే వెళ్ళాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు, గల్లీలోకి తిరగగానే వాసన దారి చూపింది. అవ్వ గడపలో చాట ముందు కూర్చుంది. పక్కన మనుమరాలు, పదేళ్ళు ఉంటాయేమో, కొలతకు ఇనుప రేకు ఆకు మీద పెట్టి చుట్టూ కత్తెరతో కత్తిరిస్తోంది. నన్ను గుర్తుపట్టి అవ్వ కంగారుగా లేవబోయింది. చాటలో బీడీలు దొర్లిపోయాయి. “తప్పయింది మేడం. ఇగ రాను. లొల్లి చెయ్య” అంది చేతులు జోడించి.

ఆ చేతులు దించడానికి నాకు చాలాసేపు పట్టింది. కింద కూర్చున్నాను. “ఎందుకు రావుడు బంద్ చేసినవవ్వా?” అని అడిగాను. “ఆరుసార్లు అచ్చిన బిడ్డా. ఆరుసార్లు రేపు అన్నరు. ఇన్నొద్దులు బీడీలు చెయ్యకుంటే ఇంట్ల ఎట్ల? ఇగ దీనికి సదువు రాసిపెట్టి లేదనుకున్న. ఆకు కత్తిరించుడు నేర్పుతున్న” అంది. పిల్ల కత్తెర ఆపలేదు. చెయ్యి బాగానే తిరిగింది, మూడు రోజుల్లోనే. అన్నీ దరఖాస్తులో ఉన్నా, మొదటి నుంచి చెప్పమని అడిగాను. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. సాయంత్రానికి సర్టిఫికెట్ అయింది. గురువారం పొద్దున ఆ పిల్ల హాస్టల్లో చేరింది. అది నేను చేసిన గొప్ప పనేం కాదు, ఇరవై రోజుల కింద కావలసిన పని.

ఆ బుధవారం ఆఫీసు మూసే ముందు పోశెట్టి జంకుతూ వచ్చి, “ఈ లిస్టు చింపేయాల్నా మేడం?” అని అడిగాడు. వద్దన్నాను. ఇంటూలు కొట్టేసి, కాగితం మధ్యలో నిలువుగా గీత గీయమన్నాను. ఎడమ పక్క ఎవరు ఏం అడగడానికి వచ్చారో వాళ్ళ మాటల్లోనే రాయాలి. కుడి పక్క, రావడం ఎవరు మానేశారో రాయాలి. “రానోళ్ళ పేర్లు కూడానా మేడం?” అన్నాడు నమ్మలేనట్టు. “ముందు అవే” అన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున కూర్చోగానే కుడి పక్క చూసి గాని ఎడమ పక్కకు రాను. వెంకటేశం సార్ చెవులు నాకు రాలేదు. అందుకే నాకు కాగితం కావాలి.